పంపుకు అర్హుడు కాడు

ఇల్లు, ముందు గది
జూన్ 4

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని ఈపాటికి నాలుగు తిట్లు తిట్టుకునే ఉంటావు. పోయిన నెలాఖరులో నాకు ఒంట్లో బాగాలేదు. కంగారుపడకు, గ్యాస్ అట. ఏడంతస్తుల ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిందని కబురు చేస్తే, సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాను. లిఫ్టు మెకానిక్కుకి లిఫ్టు ఎక్కే యోగం ఉండదు కదా, అది చెడిపోతేనే కదా మేము గుర్తొచ్చేది. ఐదో అంతస్తు దాటేసరికి పొట్ట పైభాగంలో ఎవరో బండ మోపినట్టయింది. ఒళ్ళంతా చెమటలు, రెండు వాంతులు. మెట్ల మీదే కూలబడ్డాను. వీధి చివర డాక్టరు చూసి, గ్యాస్ అని చెప్పి గులాబి రంగు మందు సీసా చేతిలో పెట్టాడు. మర్నాటికి సర్దుకుంది.

అప్పట్నుంచి కాస్త ఆయాసం. సాయంత్రానికి పాదాలు వాచి బూట్లు పట్టడం లేదు. మీ మరదలు లేసులు పీకేసింది. నాలుకలు వేలాడే బూట్లతో తిరుగుతుంటే షెడ్డులో అందరూ ‘కొత్త ఫ్యాషనా గురూ’ అంటున్నారు.

పిల్ల బాగా చదువుతోంది. అత్తకి ముద్దులు రాయమంది, రాశాను.

ఫోన్ చేసి అరవకు. అరవాలనుంటే ఉత్తరంలో అరువు, తీరిగ్గా చదువుకుంటాను.

నీ తమ్ముడు


పంపుల గది, గుండె ఆసుపత్రి
జూన్ 10

ఒరేయ్ చిన్నోడా,

ఆ గులాబి రంగు మందు ఇచ్చినాయన నా కంటపడాలి, ఆ సీసా ఆయన చేతే తాగిస్తాను. నలభై దాటినవాడు మెట్లెక్కుతూ చెమటలు పట్టి కూలబడితే గ్యాస్ అంటాడా? ముందు ఈసీజీ తీయించుకో. పాదాల వాపు నాకు నచ్చలేదు.

నీకు తెలిసేలా చెప్తాను. గుండెకి రెండు వైపులు. ఎడమవైపు ఒళ్ళంతటికీ రక్తం కొడుతుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే. కుడివైపు పని చాటుగా సాగేది. వాడకమైపోయి తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. అది మొరాయించిందో, రక్తం ముందుకి పోలేక వెనక్కి తంతుంది. కాళ్ళు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది, లివరు ఉబ్బి కళ్ళు పచ్చబడతాయి. అందుకే చూపించుకోమంటున్నాను.

పోయినేడు మా దగ్గరికి ఆ కుడివైపుకే ప్రత్యేకంగా ఒక రకం పంపు వచ్చింది. అలసిపోయిన కుడి గది పనిని కొన్నాళ్ళు అది చేసిపెడుతుంది. ఈలోగా గది కోలుకుంటుంది. దాన్ని నడిపేది నేనే. ఇంకో సంగతి, ఎవరికి పెట్టాలో తేల్చే కమిటీలో నన్ను కూడా వేశారు! ప్రతి గురువారం కూర్చుంటాం. పక్షపాతం ఉండకూడదని కాగితాల మీద పేర్లు కొట్టేసి ఇస్తారు. వయసు, పని, జబ్బు, అంతే. ఇప్పటిదాకా పదిమందికి ఎనిమిదిమంది చొప్పున నడిచి ఇంటికి వెళ్ళారు. మా పెద్ద డాక్టరుగారు ఆ లెక్కని చంటిపిల్లలా ఎత్తుకు తిరుగుతున్నారు. అందుకే తాగుబోతుల్నీ, మాట వినని మొండిఘటాల్నీ మేము తీసుకోం. వాళ్ళ ఒంటిమీద వాళ్ళకి లేని శ్రద్ధ మాకెందుకు?

ఈసీజీ తీయించి ఆ కాగితం నాకు పంపు. సాకులు వద్దు.

అక్క


ఇల్లు, ముందు గది
జూన్ 27

అక్కకి,

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఈసీజీ తీశారు, మందులు ఇస్తున్నారు, నువ్వు ఊరికే కంగారుపడకు. ఫోన్ పాడైంది, చెయ్యకు.

ఒక మాట అడుగుతాను. షెడ్డులో ఒకాయన సంగతిలే. ఆసుపత్రి కాగితంలో ఎవరి గురించైనా తాగుతాడని రాశారనుకో. అది నిజమో కాదో తర్వాత ఎవరైనా అడుగుతారా? ఒకసారి రాస్తే అంతేనా?

ఎక్కువ రాయలేకపోతున్నాను. చెయ్యి నొప్పి.

నీ తమ్ముడు


పంపుల గది
జూలై 5

చిన్నోడా,

ఇదేం ఉత్తరంరా, టెలిగ్రాములా? ఈసీజీ కాగితం పంపమన్నాను, అది మింగేశావు. చెయ్యి నొప్పేమిటి? ఏ చెయ్యి?

నీ షెడ్డులో ఆయన ప్రశ్నకి జవాబు: ఎవరూ అడగరు. మా ముందుకొచ్చేది కాగితమే, మనిషి కాదు. నిన్న గురువారం. అరగంటలో ఐదు కాగితాలు తేల్చేశాం. ముగ్గురికి సరే అన్నాం, ఇద్దర్ని ఆపేశాం. ఆపినవాళ్ళలో ఒకడు నీ ఈడువాడే. నలభై ఒక్క ఏళ్ళు, ఎక్కడో మెకానిక్కట. తాగి తాగి లివరు పోగొట్టుకుని, ఇప్పుడు గుండెకి పంపు కావాలట. ఇంకొకడు బాజాలు వాయించేవాడు, వాడిదీ అదే కథ. ఇద్దరికీ నేనే ముందు చెయ్యెత్తాను. పెద్ద డాక్టరుగారు ‘మీకు స్పష్టత ఉందమ్మా’ అన్నారు.

కాబట్టి ఒళ్ళు జాగ్రత్త. మరదలికి చెప్పు, ఈసారి తనే రాయాలి, నీ మాట మీద నాకు నమ్మకం పోతోంది.

అక్క


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు, కిటికీ నుంచి మూడో మంచం
జూలై 9

అక్కకి,

ఆ మెకానిక్కుని నేనే.

పైన చిరునామా చూశావుగా. మూడు వారాలుగా ఇక్కడే ఉన్నాను. ‘ఇల్లు, ముందు గది’ అని రాసింది అబద్ధం. ఫోన్ పాడవలేదు, మాట్లాడితే నా ఆయాసం నీకు వినిపిస్తుందని వద్దన్నాను. నీ ఉత్తరమూ, మీ కమిటీ జవాబూ ఒకేరోజు వచ్చాయి. ముందు కమిటీది చదివాను. ‘వయసు 41. వృత్తి మెకానిక్. కాలేయం దెబ్బతిన్నది. దీర్ఘకాల మద్యపానం. పంపుకు అర్హుడు కాడు.’ తర్వాత నీది చదివాను. మీ మరదలు నా చేతిలోంచి లాక్కుని చదివి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

నేను ఎప్పుడు తాగాను అక్కా? నా పని ఇనుప తాళ్ళ మీద వేలాడే పని. తాగితే ఏడో అంతస్తు నుంచి నేరుగా కిందికే. నీ పెళ్ళిలో బావ స్నేహితులు బలవంతం చేస్తే గ్లాసు పూలకుండీలో ఒంపి వచ్చినవాణ్ణి. నీకే చెప్పానుగా అప్పుడు!

ఇక్కడ ఏం జరిగిందో విను. చేరిన రోజున వార్డు పెద్దాయన వచ్చాడు. నా పొట్ట నొక్కాడు, కళ్ళు లాగి చూశాడు.

“ఎంత తాగుతావు?”

“తాగనండి.”

“రోజూనా, వారానికా?”

“అసలు అలవాటే లేదండి.”

“అందరూ చెప్పేదే” అంటూ రాసేసుకున్నాడు. మీ మరదలు ఊరుకోలేదు. “అయ్యా, పద్నాలుగేళ్ళుగా నేను చూస్తున్నాను, ఆయన ముట్టరు” అంది. “వెనకేసుకొస్తారమ్మా, భార్యలంతే” అని నవ్వి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

పక్క మంచంలో బ్యాండులో ట్రంపెట్ వాయించే ఆయన. యాభై దాటాయి. నాకున్నట్టే కాళ్ళ వాపు, పచ్చకళ్ళు. ఆయన్నీ అదే అడిగాడు. “అవునండి, తాగుతాను. ఊరేగింపులో నాలుగు గంటలు ఊది ఇంటికొచ్చాక రెండు గ్లాసులు” అని ఉన్నమాట చెప్పాడు. నిజం చెప్పినందుకు ఆయనకీ, నిజమే చెప్పినా నమ్మబుద్ధి కాక నాకూ, ఇద్దరికీ ఒకే మాట రాశాడు.

పది రోజులు లివరు మందులు మింగించారు. తర్వాత కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, పొట్ట కాదు, ముందు నా మెడ చూసింది. నరాలు తాళ్ళలా ఉబ్బి కొట్టుకుంటున్నాయి. స్కాను తీయించి, “మీది లివరు జబ్బు కాదు, గుండె కుడివైపు ఆగిపోయేటట్టుంది” అంది. ఆ మెట్ల మీద వచ్చింది గుండెపోటేనట. ట్రంపెట్ ఆయనకేమో కుడివైపు కండరానికి వాపు. ఇద్దరివీ మీ పంపుకి రాసి పంపింది. కానీ మొదటి పేజీలో పెద్దాయన రాసిన మాట అలాగే ఉండిపోయింది. మీరు మొదటి పేజీ దాటారా అక్కా?

గుండె మొరాయిస్తే లివరు ఉబ్బుతుందని నాకు రాసింది నువ్వే. గుండె వల్ల లివరు పాడైతే, లివరు పాడైందని గుండెకి సాయం ఆపేశారు. లిఫ్టు తలుపు పడటం లేదని పిలిస్తే, తలుపు పడ్డాకే వచ్చి బాగుచేస్తానన్నట్టుంది మీ వ్యవహారం.

నీకెందుకు చెప్పలేదంటావు. అక్క ఉందని చెప్పుకుని లోపలికి దూరడం ఇష్టం లేకపోయింది. అందరిలాగే నా వంతు రావాలనుకున్నాను. వచ్చింది. చాలా స్పష్టంగా వచ్చింది.

ఆగి ఆగి రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. కోపం మాత్రం తిన్నగానే ఉంది.

తమ్ముడు


గుండె ఆసుపత్రి మెట్ల దగ్గర, నిలబడే రాస్తున్నాను
జూలై 11

చిన్నోడా,

ఈ ఉత్తరం తెచ్చిన బండి ఎక్కు. లోపల మా నర్సు ఉంది, ఆక్సిజన్ ఉంది. మరదల్ని ముందు సీటులో కూర్చోమను. రేపు పొద్దున మూసుకుపోయిన నాళం తెరుస్తారు, వెంటనే పంపు పెడతారు.

పెద్ద డాక్టరుగారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను. “ఆ మెకానిక్ నా తమ్ముడు, జన్మలో తాగలేదు” అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, “అయ్యో, ముందే చెప్పొచ్చుగా అమ్మా!” అన్నారు. ఐదు నిమిషాల్లో సంతకం పెట్టారు.

క్షమించమని అడగడానికి ఇప్పుడు టైము లేదు. నన్ను తిట్టడానికి నువ్వు బతికి ఉండాలి. ఎక్కు.

అక్క


మూడో అంతస్తు, గాజు గది, రెండో మంచం
జూలై 17

అక్కకి,

రెండంతస్తుల కింద నువ్వుంటే ఉత్తరమేమిటి అంటావు. నన్ను చూడటానికి నీకిచ్చేది పొద్దున ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ నువ్వు మిషన్ తెర మీది అంకెలనే చూస్తావు, నా మొహం చూడవు. బంధువువని నా పంపుని వేరే టెక్నీషియన్‌కి అప్పగించారట, అయినా నీ కళ్ళు దాన్ని వదలవు. కాబట్టి నర్సమ్మ చేత పంపిస్తున్నాను.

ఇది ఐదో రోజు. మెడలోంచి నీళ్ళ పైపంత గొట్టం. పై గదిలో రక్తం లాగి, బయట పంపులో తిప్పి, అలసిపోయిన కింది గదిని దాటించి ఊపిరితిత్తుల దారిలో వదులుతుందట. రెండో అంతస్తులో ఎక్కించుకుని, రిపేరులో ఉన్న మూడో అంతస్తులో ఆగకుండా నాలుగో అంతస్తులో దింపడం లాంటిదన్నమాట. మోటారు చప్పుడు మంచిది. బేరింగు శుభ్రంగా ఉంది. మెడ కదపకుండా లేచి నిలబడ్డాను నిన్న, నాలుగడుగులు కూడా వేశాను. కాళ్ళ వాపు సగానికి దిగింది. మూత్రం ఎంత పోస్తే ఈ గదిలో అందరికీ అంత ఆనందం.

ఇప్పుడు అసలు సంగతి. ‘ముందే చెప్పొచ్చుగా’ అన్నారట మీ పెద్ద డాక్టరుగారు. అది నా నెత్తి మీద మేకులా దిగింది. ఏం చెప్పాలి ముందే? టెక్నీషియన్ తమ్ముణ్ణని చెప్పాలా? నా భార్య చెప్పింది. నేను చెప్పాను. కొత్త డాక్టరమ్మ రెండు పేజీలు రాసింది. మా ముగ్గురి మాట చెల్లలేదు, తలుపు కొట్టకుండా వెళ్ళిన నీ మాట చెల్లింది.

సరే, నేను తాగనని తేలింది కాబట్టి బతికాను. తాగేవాణ్ణే అయితే? ఇక్కడి చిన్న డాక్టరుని అడిగాను. “ఈ పంపు పది రోజుల ముచ్చటే కదా, పెట్టి తీసేస్తాం. తాగుడికీ దీనికీ సంబంధమేముంది? అది గుండె మార్పిడికి చూస్తారు, దొరికే గుండెలు తక్కువ కాబట్టి” అన్నాడు. మరి ట్రంపెట్ ఆయనకి ఎందుకు కాదన్నారు? నేను బండెక్కుతుంటే ఆయన మంచంలోంచే చెయ్యెత్తి, “అదృష్టవంతుడివి, వెళ్ళిరా” అన్నాడు. ఆయన మొహంలో అసూయ కూడా లేదు. నేనే తల దించుకున్నాను.

ఆయనకీ నువ్వే ముందు చెయ్యెత్తావు. ఆ చెయ్యి ఇప్పుడు ఏం చేస్తోంది?

తమ్ముడు


పంపుల గది
జూలై 19

చిన్నోడా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మిషన్ ఎందుకు చూస్తానంటావా, నీ మొహం చూస్తే కమిటీలో ఎత్తిన నా చెయ్యి గుర్తొస్తుంది కాబట్టి. అంకెలు నన్నేమీ అనవు.

నీ కాగితం ఆ రోజు నా చేతిలో ఎంతసేపు ఉందో తెలుసా? టీ కప్పు పట్టుకున్న చేత్తోనే పేజీ తిప్పాను. కాదు, తిప్పలేదు. నువ్వన్నది నిజం, మొదటి పేజీ దాటలేదు. ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉన్నాను. కుడి గుండె చెడితే లివరు ఉబ్బుతుందని నర్సింగు పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ‘తాగుడు’ అన్న మాట చూడగానే ఆ చదువంతా ఎటు పోయిందో! కమిటీలో డాక్టర్ల పక్కన కుర్చీ ఇచ్చారు కదా, వాళ్ళకంటే గట్టిదాన్నని చూపించుకోవాలనిపించింది.

నిన్న రికార్డు గదిలో కూర్చుని మా రూల్సు పుస్తకం మొత్తం చదివాను. తాగుడు రూలు గుండె మార్పిడి పేజీల్లోది. పంపు వచ్చినప్పుడు ఎవరో ఆ పేజీని యథాతథంగా కాపీ కొట్టి దీనికీ అంటించారు. ‘మార్పిడి’ అన్న మాట కొట్టేసి పైన ‘పంపు’ అని చేత్తో రాశారు. ఏడాదిగా ఎవరూ చూడలేదు. నేను కూడా.

ట్రంపెట్ ఆయన కాగితాలు మళ్ళీ తెప్పించాను. నిన్ననే పెట్టాలని చూస్తే, పెద్ద డాక్టరుగారు ఎక్కడో ఉపన్యాసానికి వెళ్ళారు, మీటింగు రద్దు. “ఫోన్లో అడగండి” అన్నాను గుమాస్తాతో. “కమిటీ అంటే కూర్చోవాలి మేడమ్, ఫోన్లో కమిటీ ఉండదు” అన్నాడు. వచ్చే గురువారం ఇరవై ఐదున. మొట్టమొదటి కాగితం ఆయనదే.

నువ్వు ముందు కోలుకో.

అక్క


మూడో అంతస్తు, గాజు గది
జూలై 26

అక్కకి,

సోమవారం పంపు తీసేశారు. నా గుండె తన పని తను చేసుకుంటోందని చిన్న డాక్టరు తెర మీద చూపించాడు. బద్ధకంగానే, కానీ చేస్తోంది. మెడకి కుట్టు పడింది. మీ మరదలు నిన్న మొదటిసారి నవ్వింది.

గురువారం నిన్ననే కదా? ట్రంపెట్ ఆయన సంగతి ఏమైంది? పొద్దున అడిగితే ‘చూస్తున్నారు’ అన్నావు. అడిగింది చూస్తున్నారా అని కాదు, తెస్తున్నారా అని. నా పక్క మంచం ఖాళీగానే ఉంది. దుప్పటి మార్చి వెళ్ళారు. ఆయన కోసమేనా?

నర్సమ్మని అడిగితే నీ వైపు చూసింది. నువ్వు తెర వైపు చూశావు. నాకు పంపు తీసేశారు, తెర మీద చూడటానికి ఏమీ లేదు.

తమ్ముడు


పంపుల గది
ఆగస్టు 2

చిన్నోడా,

ఇది నీ సంచిలో మరదలి చేత పెట్టించాను, ఇంటికెళ్ళే దారిలో చదువుతావని. ఇన్నాళ్ళూ చెప్పనందుకు కోప్పడు, పడతాను. పంపు తీసిన వారంలో గుండెకి ఏ కుదుపూ తగలకూడదని చిన్న డాక్టరు ఒట్టు వేయించుకున్నాడు.

ట్రంపెట్ ఆయన జూలై ఇరవై నాలుగో తారీకు, బుధవారం మధ్యాహ్నం పోయాడు. మీటింగుకి ఒక్కరోజు ముందు. మీ పాత వార్డు డాక్టరమ్మ నాకు ఫోన్ చేసి, “ఇక బండి పంపక్కర్లేదు” అంది. అంతే, పెట్టేసింది.

గురువారం నేను వెళ్ళాను. లివరు డాక్టరుగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను, ఆవిడ కమిటీలో లేకపోయినా. గుమాస్తా కట్టలోంచి ఆయన కాగితం తీసి పక్కన పెట్టబోయాడు.

“ఇది అక్కర్లేదు మేడమ్. పేషెంటు నిన్న పోయాడు.”

“ఉంచండి. మొదట దీన్నే తీసుకోవాలి.”

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. “ఇదేం పద్ధతమ్మా? చనిపోయిన మనిషి మీద చర్చేమిటి?”

“బతికున్నప్పుడు చర్చ జరగలేదు కదండీ. ఆ రోజు నేనూ ఉన్నాను. టీ చల్లారేలోపు ఇద్దర్ని కొట్టేశాం. ఇవాళ రెండో పేజీ కూడా చదువుదాం.”

“మీ బాధ అర్థమైంది. మీ తమ్ముడు బాగున్నాడుగా, ఇంకేమిటి?”

నాకు ఒళ్ళు మండిపోయింది రా. “మా తమ్ముడు బాగుండటమే సార్ ఇక్కడి తప్పు. ఇద్దరూ పక్కపక్క మంచాల్లో ఉన్నారు. ఇద్దరిదీ కుడి గుండే. ఒకరికి అక్క ఉంది, ఇంకొకరికి లేదు. మన రూల్సు పుస్తకంలో ఆ ఒక్క తేడాయే పనిచేసింది” అన్నాను. గొంతు పైకి లేచింది. లేవనీ అనుకున్నాను.

లివరు డాక్టరుగారు కాగితాలు తిప్పి తిప్పి చూసి, “ఇది తాగుడు లివరు కాదు. గుండె వల్ల ఉబ్బిన లివరు. వారంలో దిగిపోయేది. అసలు ఇవి నాకెవరూ ఎందుకు చూపించలేదు?” అని అడిగారు. నేను రూల్సు పుస్తకం తెరిచి, చేత్తో దిద్దిన ఆ పేజీ బల్ల మధ్యలో పెట్టాను.

“చెప్పండి, ఈయన బతికుంటే ఇవాళ ఏమనేవారు?”

సర్జను ముందు చెయ్యెత్తాడు. తర్వాత సూపరింటెండెంట్ మేడమ్. నేను. మత్తు డాక్టరు. చివరికి పెద్ద డాక్టరుగారు కిటికీలోకి చూస్తూ, “పెట్టేవాళ్ళమే” అన్నారు.

“అయితే అదే రాయండి.”

“పోయినాయనకా? ఎవరికోసం?”

“కాడు అని రాసినప్పుడు ఎవరికోసమని అడగలేదు కదండీ.”

రాశారు. ఐదుగురూ సంతకం పెట్టారు. తాగుడు రూలుని పంపు పేజీల్లోంచి అడ్డంగా కొట్టేశారు. గురువారం దాకా ఆగకుండా, అత్యవసరమైతే అదేరోజు తేల్చాలన్నాను. దానికి ఒప్పుకోలేదు, ‘తర్వాత చూద్దాం’ అన్నారు. సోమవారం నాకు కాగితం వచ్చింది, కమిటీలో నా స్థానంలో వేరొకరిని వేశామని. ‘ఇప్పటివరకు అందించిన సేవలకు ధన్యవాదాలు’ అట. మొహాన కొట్టినట్టుంది. ఆ కుర్చీ పోయినందుకు బాధ లేదు, అందులో కూర్చుని నేను చేసిందే నన్ను వదలడం లేదు.

ఆ నిర్ణయం నకలు ఇందులో పెట్టాను. ఆయన ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. ఇవ్వాలో, చింపెయ్యాలో నువ్వే చూడు. నాకు తేల్చుకునే హక్కు లేదు.

అక్క


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు
సెప్టెంబరు 6

అక్కకి,

పైన చిరునామా చూసి గుండెలు బాదుకోకు. నేను బాగానే ఉన్నాను, ఇక్కడికి నడిచే వచ్చాను. మాత్రలు వేసుకుంటున్నాను, ఉప్పు మానేశాను, షెడ్డులో కింద కూర్చుని చేసే పని ఇచ్చారు.

ఆ కాగితం నెలరోజులు నా చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. ఇవ్వడానికి ధైర్యం చాలక, చింపడానికి చేతులు రాక. ఇవాళ పొద్దున మీ మరదలే, “మీ జేబులో ఉండటానికి అది మీ సొత్తా?” అని గట్టిగా కసిరింది. వెళ్ళాను.

ఆయన భార్య బ్యాండు వాళ్ళ యూనిఫారాలు కుడుతుంది. కుట్టుమిషన్ ముందు కూర్చుని ఒక ఎర్ర కోటు భుజాలకి జరీ పట్టీ వేస్తోంది. నేనెవరో చెప్పి కాగితం ఇచ్చాను. చదివింది.

“అర్హుడు అని రాశారు.”

“అవునండి.”

“తారీకు ఇరవై ఐదు వేశారు. ఆయన పోయింది ఇరవై నాలుగున.”

“అవునండి.”

కాగితం మిషన్ మీద పెట్టి నా వైపు చూసింది. “ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను బాబూ. తాగేవాడు. తాగినప్పుడల్లా నా చేత మాటలు పడేవాడు. పొద్దున్నే లేచి నాకు టీ పెట్టి ఇచ్చేవాడు. అర్హుడో కాడో చెప్పాల్సింది నేను. ఐదుగురు సంతకాలు పెట్టారే, ఒక్కరు, ఒక్కరైనా వచ్చి నన్ను అడిగారా?”

ఆవిడ పట్టీకి రెండు కుట్లు వేసి మళ్ళీ ఆగింది.

“నిన్నెలా తీసుకెళ్ళారు మరి?”

అబద్ధం చెప్పాలనిపించింది అక్కా. చెప్పలేదు. “మా అక్క అక్కడ పనిచేస్తుందండి” అన్నాను. ఆవిడ దారం పంటితో కొరికి తెంపింది. తిట్టినా బాగుండేది. తర్వాత కోటు మడిచి పక్కన పెట్టి, చెప్పులు వేసుకుంది. “ఇది నా బీరువాలో ఉంటే ఏం లాభం? ఆ వార్డుకి పద” అంది.

వచ్చాం. ఆయన మంచంలో ఇప్పుడు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే మనిషి ఉన్నాడు. ముప్ఫై ఆరేళ్ళట. కాళ్ళు దిండ్లలా ఉన్నాయి, కళ్ళు పచ్చగా ఉన్నాయి. పక్కన ఆయన తల్లి విసనకర్ర పట్టుకుని ఉంది. మేము వెళ్ళేసరికి ఆ వార్డు పెద్దాయన మంచం దగ్గరే నిలబడి, కలం తీసి అడుగుతున్నాడు.

“ఎంత తాగుతావు?”

ఆ మనిషి నోరు తెరిచేలోపు ఆవిడ ముందుకెళ్ళింది. “అది తర్వాత అడుగుదురుగాని. ముందు ఆయన మెడ చూడండి. మా ఆయనకీ అలాగే కొట్టుకునేది.”

“ఎవరమ్మా నువ్వు? విజిటింగ్ టైము కాదిది.”

“ఈ మంచంలో పోయినాయన పెళ్ళాన్ని” అని కాగితం విప్పి ఆయన కలం కిందే పెట్టింది. ఆయన చదివాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. నర్సు బయటికి పొమ్మంటే నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. లిఫ్టు తలుపులు పట్టుకుని నిలబడిన చేతులివి, ఎవరూ కదపలేకపోయారు. చివరికి కొత్త డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది, మెడ చూసింది, అక్కడికక్కడే స్కాను మిషన్ తెప్పించింది. కుడి వైపే.

ఇదంతా వార్డులోని బల్ల మీద రాస్తున్నాను. ఆ పుస్తకాలాయన కాగితాలు దీనితో కలిపి ఒకే కవరులో పెట్టాం. మందుల బండి మీ వైపే వస్తోంది, డ్రైవరు ఒప్పుకున్నాడు. మొదటి పేజీలో తాగుడు సంగతి లేదు. అడగనివ్వలేదు. ఆయన తాగుతాడో లేదో నాకు తెలియదు, నువ్వూ తెలుసుకోవద్దు. ఆయన పని, ఆయన తల్లి సంగతి, బీపీ ఎంత పడిపోయిందో, అన్నీ మొదటి పేజీలోనే ఉన్నాయి. ఆ తల్లికి కూడా సంతకం పెట్టే చోటు ఇచ్చాం.

నువ్వు కమిటీలో లేవని తెలుసు. అయినా తలుపు కొట్టకుండా వెళ్ళడం నీకు వచ్చు కదా, నా కోసం వెళ్ళావు. ఈయన నీకు తమ్ముడు కాడు. అయినా వెళ్ళు.

ఇవాళ శుక్రవారం. గురువారం దాకా ఆగకు అక్కా.

తమ్ముడు